తలుపు దగ్గరి బస్తా

జూన్ 4

మేనకోడలా,

నువ్వు పోయినసారి ఫోన్ చేసినప్పుడు నేను ఊ, ఊ అన్నదంతా ఉత్తిదే. ఒక్క ముక్క వినపడలేదు. జల్లెడ యంత్రం పక్కన నలభై ఏళ్ళు నిలబడ్డ చెవులు ఇవి. అందుకే రాస్తున్నాను. బస్తాల మీద గుర్తులు చూసి నేర్చుకున్న అక్షరాలు నావి. ఒత్తులు లేకపోతే నువ్వే పెట్టుకుని చదువుకో.

మొన్న సోమవారం మీ ఆస్పత్రి నుంచి ముగ్గురు పిల్లలు ఊదే యంత్రం పట్టుకుని మా ధాన్యం గోదాముకి వచ్చారు. దుమ్ము వల్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయా లేదా అని లెక్క తీస్తారట. నేను గేటు దగ్గర నిలబడి నేనూ ఊదుతానన్నాను. కళ్ళజోడు పిల్ల కాగితం తిరగేసి “మీ పేరు లిస్టులో లేదు తాతగారూ” అంది. లిస్టులో లేనా! ఆ గోదాములో నేను గుచ్చని బస్తా లేదు. ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, లారీ సరుకంతా మంచిదో చెడ్డదో చెప్పినవాణ్ణి. అందరూ నన్ను గొట్టంగాడు అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం అనేవాళ్ళు కాదు.

ఈ పరీక్షలకి పెద్ద నువ్వేనని మీ అమ్మ చెప్పింది. మరి నన్నెందుకు తీసేశావు? సొంత మేనమామ దగ్గు నీకు పనికిరాదా?

ఇంకో మాట. మీ బావకి రెండు నెలలుగా దగ్గు. జల్లెడ షెడ్డు మానెయ్యరా అంటే “డాక్టర్లు చూస్తున్నారుగా. దుమ్ము చెడ్డదని వాళ్ళు రాస్తే మానేస్తాను, రాయకపోతే నువ్వు నోరు మూసుకో” అన్నాడు. నా కొడుకు నాతో అన్న మాట. నువ్వు రాసే కాగితం మీద వాడి ఊపిరి ఉంది. చూసి రాయి.

మీ అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నోరు కూడా.

మీ మావయ్య


జూన్ 11

మావయ్యా,

నీ ఉత్తరం నిలబడే చదివాను, కూర్చునే ఓపిక లేకపోయింది. నిన్ను నేను తియ్యలేదు. ఎవర్నీ తియ్యలేదు, ఎవర్నీ పెట్టలేదు. గోదాము ఆఫీసు ఇచ్చిన లిస్టులో నాలుగు వందల పన్నెండు పేర్లు ఉన్నాయి. నంబర్లు వేసి, చీటీలు కలిపి, నూట ఇరవై తీశాం. ఎవరి చీటీ వస్తే వాళ్ళే. మావయ్య కదా అని నిన్ను ఇరికిస్తే, రేపు ఇంకొకరు వాళ్ళ బాబాయిని ఇరికిస్తారు.

ఈ పద్ధతి నాకు నేర్పింది ఎవరనుకున్నావు? నాకు ఏడేళ్ళప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని గోదాముకి తీసుకెళ్ళావు. అమ్మేవాడు మంచి బస్తాలన్నీ తలుపు దగ్గర పేర్చి “ఇక్కడ గుచ్చండి సార్” అన్నాడు. నువ్వు అతణ్ణి చూడను కూడా చూడకుండా వెనక్కి ఎక్కి, మూలనున్న బస్తాని గుచ్చావు. “తలుపు దగ్గర గుచ్చేవాడు శాంపిల్ తియ్యట్లేదే పిల్లా, సలాం కొడుతున్నాడు” అన్నావు. కాలేజీలో పెద్ద పుస్తకం తెరిచినప్పుడు అందులో ఉన్నదీ అదే. నాకు నవ్వొచ్చింది.

ఒక మంచి కబురు. ఊదిన నూట ఇరవై మందిలో ఊపిరి తగ్గినవాళ్ళు ఎనిమిది మందే. బజారులో మామూలు జనాన్ని ఇలాగే చూస్తే నూటికి పదకొండు మంది తేలారు. అంటే గోదాము వాళ్ళే బజారు వాళ్ళకన్నా గట్టిగా ఉన్నారు! నెలాఖరుకి ఇదే రాసి కార్మికుల ఆఫీసుకి ఇస్తాం. దుమ్ము లాగే యంత్రం పెట్టించాలా అక్కర్లేదా అన్నది వాళ్ళు దాన్ని చూసి చెబుతారు. బావకి భయపడొద్దని చెప్పు. అది మామూలు దగ్గే అయ్యుంటుంది.

అత్తయ్యకి మోకాళ్ళ మందు పంపుతున్నాను. నోటికి మా దగ్గర లేదు.

నీ మేనకోడలు


జూన్ 15

కోడలా,

నీ ఉత్తరం మీ బావ నా చేతిలోంచి లాక్కుని చదివాడు. చదివి, నావంక చూసి, ఈల వేసుకుంటూ డ్యూటీకి పోయాడు. సంతోషమా నీకు?

టైలరు కన్నా, కొట్టువాడి కన్నా మా వాళ్ళ ఊపిరి గట్టిదా? నువ్వు ఎంత చదువుకున్నావో నాకు తెలీదు గానీ ఈ మాట రాసేటప్పుడు నీ చెయ్యి ఆగి ఉండాల్సింది.

చీటీలు బాగానే కలిపావు. ఏ కుప్పలోంచి తీశావు? ఆఫీసు ఇచ్చిన లిస్టులోంచి. ఆ లిస్టులో ఎవరుంటారు? ఈ నెల బస్తా మొయ్యగలిగినవాడు ఉంటాడు. దగ్గు మొదలైనవాడు ఓ నెల ఈడుస్తాడు, రెండో నెల కూర్చుంటాడు, మూడో నెల పేరు కొట్టేస్తారు. వస్తాదు గుర్తున్నాడా? రెండు చంకల్లో రెండు బస్తాలు పెట్టుకుని నిన్ను మెడ మీద ఎక్కించుకున్నవాడు. ఇప్పుడు ఇంటి ముందు మూడు మెట్లు ఎక్కడానికి మూడుసార్లు ఆగుతాడు. వాడు నీ లిస్టులో ఉన్నాడా? పాటగాడు? ఆ గొంతు ఇప్పుడు మంచినీళ్ళు అడగటానికే సరిపోవట్లేదు. వాడు ఉన్నాడా?

వాళ్ళు తలుపు దగ్గర పేర్చారు, నువ్వు గుచ్చావు. నా భుజం మీద కూర్చుని చూసిన పిల్లవి!

నేను ఊరుకోను. పదకొండు మందిని పోగు చేశాను. సోమవారం బస్సులో నీ దగ్గరికి పంపుతున్నాను. ఊదించి అందర్నీ రాయి. రాస్తే అప్పుడు మాట్లాడదాం.

మీ మావయ్య


జూన్ 23

రాయొద్దు నాకు.

వస్తాదు తిరిగొచ్చి చెప్పాడు. టీ ఇచ్చావట, మందులిచ్చావట, ఊదించావట, “ఇది లెక్కలో రాయడం కుదరదు” అన్నావట. ఆ మాట విని పాటగాడు బస్సులో దారంతా తల వంచుకునే కూర్చున్నాడట. వాళ్ళు అడుక్కోవడానికి రాలేదు. వాళ్ళని నీ దగ్గరికి పంపిన నా మొహం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి?

ఏ పెద్ద డాక్టరు నీ చెయ్యి పట్టుకున్నాడో, ఏ యజమాని మీకు కుర్చీలు వేశాడో నాకు తెలీదు. మా చెల్లెలి కూతురు డాక్టరని ఇంతకాలం ఛాతీ విరుచుకుని తిరిగాను. ఇక చాలు.


జూన్ 24

మావయ్యా,

వస్తాదు మావయ్యకీ మిగతావాళ్ళకీ నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని నీకు వివరంగా రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

పదకొండు మందిలో తొమ్మిది మందికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పాటగాడి ఎక్స్‌రే మళ్ళీ మళ్ళీ చూశాను. వాళ్ళకి వైద్యం నేను చూసుకుంటాను, అది వేరు. కానీ లెక్కలో రాయలేను. ఎందుకంటే వాళ్ళని ఏరింది నువ్వు. పోగుచెయ్యడానికి బయల్దేరినప్పుడు ఎవరి తలుపు కొట్టావు? దగ్గేవాడిదే. వెనక బస్తాల్లో తడిసినవే చూసి చూసి గుచ్చి “లారీ అంతా కుళ్ళింది” అంటే నువ్వు ఒప్పుకునేవాడివా? యజమాని ఏరితే మంచివే వస్తాయి, నువ్వు ఏరితే చెడ్డవే వస్తాయి. నాకు ఏరనిది కావాలి.

అయితే నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఉంది చూశావా, ఏ కుప్పలోంచి అని, అది సరైన ప్రశ్నే. తప్పు నాదే. నా మొదటి లెక్క తలుపు దగ్గరిదే. వెళ్ళి పెద్ద డాక్టరు ముందు ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. “మానేసినవాళ్ళతో సహా మొత్తం పేర్లున్న పుస్తకం తీసుకురా, రెండు నెలలు గడువు నేను అడుగుతాను. పుస్తకం లేకపోతే నెలాఖరుకి ఉన్నదే ఇవ్వాలి” అన్నారు. గోదాము ఆఫీసుని అడిగాను. మానేసినవాళ్ళ పేర్లు మేం ఉంచుకోం అన్నారు.

మావయ్యా, గోదాములోకి అడుగుపెట్టిన ప్రతివాడి పేరూ, మంచివాడో చెడ్డవాడో, దగ్గేవాడో దగ్గనివాడో, ఏరకుండా రాసిన కాగితం ఎక్కడైనా ఉందా? ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

నీ మేనకోడలు


జూన్ 28

కోడలా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయాయి. నేను రాసింది నువ్వు చించెయ్యి. నేను రాశాను కాబట్టి నేను చించమంటున్నాను, తప్పు ఒప్పుకున్నానని కాదు.

సరే, ఒప్పుకుంటాను. తడిసిన బస్తాల మాట రాశావు. నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా. ఒకసారి ఒక లారీవాడు అందరి ముందూ నన్ను గొట్టంగాడా అన్నాడు. అడుగున నాలుగు బస్తాలు తడిసి ఉన్నాయని వాసనకే తెలిసింది. ఆ నాలుగే గుచ్చి లారీ మొత్తం వెనక్కి పంపాను. వాడు గేటు బయట వానలో నిలబడ్డాడు. నా గొట్టం అబద్ధం చెప్పింది ఆ ఒక్కసారే. ముప్పై ఏళ్ళయినా ఆ లారీ నా కళ్ళలోంచి పోలేదు. నువ్వు ఎక్కడో కూర్చుని దాని మీదే చెయ్యి వేశావు.

ఇక నీ పుస్తకం. ఉంది.

మా గోదాములో కొత్తగా చేరినవాణ్ణి మొదటి రోజు బస్తాల కాటా ఎక్కించేవాళ్ళు. చుట్టూ నిలబడి “సరుకు లోపలికొచ్చిందిరా!” అని అరిచేవాళ్ళు. కాటా మనిషి తూకం వేసి పేరు, తేదీ, ఎన్ని కిలోలో ఒక పుస్తకంలో రాసేవాడు. ఎవరూ చెప్పలేదు రాయమని, వాడి సరదా. అయినా ఒక్కణ్ణి వదల్లేదు, మేనేజరుని కూడా ఎక్కించాడు. ఆ కాటా మనిషి చచ్చిపోయి నాలుగేళ్ళు. వాడికీ నాకూ ఇరవై ఏళ్ళు మాటల్లేవు. నేను తీసిన శాంపిల్ తూకం తప్పని అందరి ముందూ అన్నాడు. తప్పే. అయినా అందరి ముందూ అంటాడా?

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం ముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి వాడి భార్యే తలుపు తీసింది.

“ఇరవై ఏళ్ళకి దారి తెలిసిందా అన్నయ్యా?”

“పుస్తకం కోసం వచ్చాను.”

“మనిషి కోసం రానివాడివి పుస్తకం కోసం వచ్చావు.”

“మనిషి ఉన్నప్పుడు రావాల్సింది. రాలేదు. నాదే తప్పు. పుస్తకం ఇస్తావా అమ్మా?”

ఆవిడ లోపలికెళ్ళింది. పెట్టె అడుగునుంచి తీసింది. “ముందు నీ పేరున్న చోట చదివి వినిపించు, అప్పుడు ఇస్తాను” అంది. వేలు పెట్టి వెతికాను. తొమ్మిదో వరస. నా పేరు, తేదీ, నలభై ఏడు కిలోలు. పక్కన వాడి చేతి రాత: ‘నోటి బరువు ఇందులో కలపలేదు.’

ఆవిడ నవ్వింది. నేను చదవలేనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాను.

మొదటి పేజీ నుంచి చివరిదాకా పదహారు వందల నలభై పేర్లు. వస్తాదు ఉన్నాడు, ఎనభై నాలుగు కిలోలు. మీ బావ కూడా ఉన్నాడు, చివరి పేజీల్లో. పుస్తకం గుడ్డలో కట్టి వస్తాదు కొడుకు చేత పంపుతున్నాను. చీటీలు నువ్వే తియ్యి. నేను ముట్టుకోను. వచ్చిన పేర్లు చెప్పు, మనుషుల్ని పట్టుకునే పని నాది.

మీ మావయ్య


జూలై 5

మావయ్యా,

పుస్తకం అందింది. పెద్ద డాక్టరు ఒక్కో పేజీ తిప్పుతూ “ఇంత మంచి లిస్టు ప్రభుత్వం దగ్గర కూడా ఉండదు” అన్నారు. గడువు వచ్చింది. ఆగస్టు చివరిదాకా.

అరవై చీటీలు తీశాం. పేర్లు ఇందులో పెట్టాను. నీ పేరు రాలేదు, బావ పేరూ రాలేదు. వస్తాదూ లేడు, పాటగాడూ లేడు. నువ్వు ఎగిరిపడతావని తెలుసు. అయినా చీటీ చీటీయే.

మూడు షరతులు. ఒకటి, చనిపోయినవాళ్ళని వదిలెయ్యకూడదు, ఇంట్లో అడిగి రాయాలి. రెండు, ఒకరు దొరక్కపోతే పక్కింటాయన్ని తేకూడదు. మూడు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కూడా అంతే పట్టుదలగా వెతకాలి. మూడోది నీ కోసమే రాశాను.

మా పిల్లలిద్దరు నీతో తిరుగుతారు. కళ్ళజోడు పిల్లని తిట్టకు, ఆ అమ్మాయి నువ్వంటే ఇప్పటికే వణుకుతోంది.

నీ మేనకోడలు


ఆగస్టు 8

కోడలా,

కళ్ళజోడు పిల్ల ఇప్పుడు వణకట్లేదు. నన్నే అదిలిస్తోంది. “తాతగారూ, ముందు నీళ్ళు తాగండి” అంటుంది. మీ అత్తయ్యకి శిష్యురాలు దొరికింది.

యాభై ఏడు మంది సంగతి తేలింది. అందులో పదిహేను మంది పోయారు. ఇంటింటికీ వెళ్ళి అడిగాం. ఒక ఇంట్లో ఆయన కూతురు “మా నాన్న పేరు ఎవరో చీటీలో తీశారా?” అని రెండుసార్లు అడిగి, లోపలికెళ్ళి ఆయన చొక్కా తెచ్చి చూపించింది. ఎందుకు చూపించిందో నాకు తెలీదు. చూశాం.

ఇద్దరు ఎంత వెతికినా దొరకలేదు. వాళ్ళ చోట వస్తాదు తనని రాయమని అడిగాడు. ఆ మాట అడగటానికే వాడికి ఆయాసం వచ్చింది. కుదరదన్నాను. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. చీటీ చీటీయేనని నీ మాటే చెప్పాను, నా నోట్లో అది చేదుగా ఉంది.

ఇక మిగిలింది ఒక్కడు. పొట్టిగిత్త. వీడు నీకు తెలీదు. జల్లెడ షెడ్డులో పన్నెండేళ్ళు చేసి, మానేసి సైకిళ్ళ కొట్టు పెట్టుకున్నాడు. యజమానికి చెంచా. ముగ్గురు చెప్పారు, వాడు దున్నపోతులా ఉన్నాడని. వస్తాదు మా ఇంటి మెట్ల కింద నుంచి అన్నాడు: “వాడు ఊదితే మన లెక్క చెడుతుంది. దొరకలేదని రాసెయ్. ఎలాగూ ఇద్దరు దొరకలేదుగా, ముగ్గురంటే ఎవడడుగుతాడు?”

నిజమే, ఎవడూ అడగడు. ఆ రోజు లారీ అప్పుడు కూడా ఎవడూ అడగలేదు.

పొద్దున్నే కొట్టుకెళ్ళాను. పంపు కొడుతున్నాడు.

“ఏంరా గొట్టంగాడా, ఇంకా బతికే ఉన్నావా?”

“నీ చీటీ వచ్చింది. రా, ఊదు.”

“నేను ఊదితే మీ దుమ్ము కథ ఎగిరిపోద్ది. దుమ్మంట దుమ్ము! నాకది మొహానికి పౌడరు.”

“అయితే వచ్చి ఊది ఎగరగొట్టు. భయమా?”

వచ్చాడు. చెయ్యి పట్టుకుని నేనే తెచ్చాను, మధ్యలో మనసు మార్చుకుంటాడేమోనని. ఊదాడు. కళ్ళజోడు పిల్ల యంత్రం రెండుసార్లు చూసుకుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడి ఊపిరట. వాడు మీసం తిప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

రాయి కోడలా. మంచిది మంచిదని రాయి. ఇక నా దగ్గర బస్తాల్లేవు.

మీ మావయ్య


ఆగస్టు 29

మావయ్యా,

కాగితం ఈ రోజు కార్మికుల ఆఫీసుకి ఇచ్చాం. ముందు నీకు చెప్పాలి.

అరవై మందిలో ఊదినవాళ్ళు నలభై మూడు. అందులో ఇంకా పనిలో ఉన్నవాళ్ళు పన్నెండు మంది, వాళ్ళలో ఊపిరి తగ్గింది ఒక్కరికి. మొదటిసారి నేను చూసింది ఈ గుంపునే. మానేసినవాళ్ళు ముప్పై ఒక్కరు. అందులో పద్దెనిమిది మందికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పోయిన పదిహేను మంది సంగతి విడిగా రాశాం.

అక్కడ జరిగిన సమావేశానికి యజమాని తరఫు డాక్టరు కూడా వచ్చాడు. “ఇదంతా జబ్బుగా ఉన్నవాళ్ళని ఏరి తెచ్చిన లెక్క” అన్నాడు. నేను పొట్టిగిత్త కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. “ఏరేవాళ్ళమైతే ఈయన్ని ఎందుకు తెస్తాం?” అన్నాను. ఆయన దాన్ని తిరగేసి చూశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దుమ్ము లాగే యంత్రం బిగించేదాకా జల్లెడ షెడ్డు నడపకూడదని ఆఫీసు రాతపూర్వకంగా చెబుతామంది.

నీ శాంపిల్ నిలబడింది మావయ్యా.

మొదటి ఉత్తరంలో బావ దగ్గు మామూలు దగ్గని రాశాను. చూడకుండా రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావ నా మాట వింటాడా?

నీ మేనకోడలు


సెప్టెంబరు 4

కోడలా,

ఆఫీసు వాళ్ళు కాగితం గేటుకి అతికించారు. షెడ్డుకి తాళం వెయ్యడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందట. అందరూ గుంపుగా నిలబడి చదువుతుంటే నేను వెనక నిలబడ్డాను. మీ బావ ముందు ఉన్నాడు. వాడు మెల్లగా చదువుతాడు, నాలాగే.

చదివి నా దగ్గరికి వచ్చాడు.

“నాన్నా, ఈ అరవై మందిలో నువ్వున్నావా?”

“లేను.”

“వస్తాదు బాబాయి?”

“లేడు.”

“నేను?”

“నువ్వూ లేవు. ఎవర్నీ ఏరలేదు. చీటీలు.”

కాసేపు చెప్పుతో నేల గీశాడు. “నువ్వుంటే నమ్మేవాణ్ణి కాదు” అన్నాడు.

నాలుగు రోజులు ఆగలేదు. టోపీ తీసి దులిపి, జేబులో పెట్టుకుని, షెడ్డు వైపు కాకుండా లారీల వైపు పోయాడు. అక్కడ ఆరుబయట పని ఇస్తారట.

పుస్తకం పని అయిపోతే జాగ్రత్తగా పంపు. నేనే తీసుకెళ్ళి ఆవిడకి ఇవ్వాలి. ఈసారి గుమ్మం ముందు వెనక్కి తిరగను.

సోమవారం పదింటి బస్సుకి నేనూ మీ బావా వస్తున్నాం. ఇద్దరం ఊదుతాం. ఏ లెక్కలోనూ రాయకు. టీ మాత్రం సిద్ధంగా ఉంచు.

మీ మావయ్య